చిన్న కుటుంబ ద్రాక్షతోట పాత రెడ్ వైన్: రుచి చూసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక కుటుంబం సొంత తోటలో పండించి, సొంత నేలమాళిగలో పులియబెట్టి, పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో దాచి ఉంచిన సీసా మీ ముందుకు వచ్చిందనుకోండి. ఎలా తెరవాలి, దేనికోసం వెతకాలి, తోటవారిని ఏమడగాలి అని చాలామంది తడబడతారు. నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. కొన్ని చోట్ల నా అభిప్రాయం గట్టిగానే ఉంటుంది.

పాత వైన్ అని ఎన్నేళ్లకు అనొచ్చు?

ఇన్నేళ్లని గీత గీయడం కుదరదు. గామే ద్రాక్షతో తేలిగ్గా చేసిన వైన్‌కు ఐదేళ్లంటే ముసలితనం. నెబియోలో ద్రాక్షతో చేసే ఇటలీ వైన్ బరోలోకు అదే ఐదేళ్లు చిన్నవయసు. ఇటలీ నిబంధనల ప్రకారం బరోలోను కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాలో, మాగబెట్టాకే అమ్మాలి. లేబుల్ మీద రిజర్వా (ఎక్కువ కాలం మాగబెట్టినది) అని రాయాలంటే 62 నెలలు కావాలి. అయినా అది అమ్మకానికి తలుపు తెరిచే తేదీ మాత్రమే, తాగడానికి అదను అని కాదు. ఈ పేజీలో పాత వైన్ అన్నప్పుడు పంట ఏడాది నుంచి పదేళ్లు దాటినదని అనుకోండి.

పాతబడే కొద్దీ వైన్ మెరుగవుతుందా?

మారుతుంది. ఆ మార్పు మెరుగా కాదా అనేది వైన్‌ను బట్టి, తాగేవారిని బట్టి ఉంటుంది. ప్రపంచంలో చేసే రెడ్ వైన్‌లో చాలా భాగం కొన్నేళ్లలోపే తాగడానికి చేసింది. దాన్ని ఇరవయ్యేళ్లు దాస్తే దాచిన శ్రమే మిగులుతుంది.

లోపల జరిగేది ఇది. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి, కొంత పీపా చెక్క నుంచి టానిన్లు వస్తాయి. నోట్లో వగరు కలిగించేవి ఇవే. తొక్కల నుంచే రంగునిచ్చే ఆంథోసయనిన్లు వస్తాయి. ఏళ్ల తరబడి ఈ రెండూ ఒకదానితో ఒకటి, తమలో తాము కలిసి పెద్ద అణువులవుతాయి. కొన్ని ఇక కరిగి ఉండలేక అడుగున మడ్డిగా దిగుతాయి. అందుకే పాత వైన్ రంగు పలచబడుతుంది, వగరు మెత్తబడుతుంది, అడుగున మడ్డి పేరుకుంటుంది. తాజా పండు వాసన తగ్గి, ఎండిన పండు, ఎండుటాకులు, పొగాకు, తోలు, పుట్టగొడుగుల వంటి వాసనలు పైకి వస్తాయి. పులుపు మాత్రం పెద్దగా తగ్గదు. పండు తగ్గాక వైన్‌ను నిలబెట్టేది అదే కాబట్టి, మొదట్లోనే పులుపు తక్కువైన వైన్ ముసలితనంలో చప్పబడిపోతుంది.

ఈ మార్పులో గాలి పాత్రను 1860లలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ పరీక్షించి చూశాడు. కొన్ని గాజు గొట్టాలను వైన్‌తో నిండుగా, కొన్నింటిని సగానికి నింపి మూసేశాడు. గాలి తగిలిన వైన్ త్వరగా ముదిరింది. సీసాలో జరిగేది కూడా చాలావరకు అదే, కాకపోతే బిరడా గుండా వచ్చే గాలి అత్యల్పం. కాబట్టి అంతా మెల్లగా నడుస్తుంది.

మధ్యలో కొన్ని వైన్లు మూగబోతాయి కూడా. పండు వాసన పోయి, పాత వాసనలు ఇంకా రాక, గ్లాసులో ఏమీ లేనట్టే ఉంటుంది. ఆ దశలో తెరిచి ‘ఇది పోయింది’ అని తీర్పిచ్చేసినవారు ఎందరో. మీ దగ్గర అదే వైన్ ఇంకో సీసా ఉంటే దాన్ని మూడు నాలుగేళ్లు కదపకండి.

చిన్న తోట అన్న సంగతి గ్లాసులో తెలుస్తుందా?

తెలుస్తుంది, కానీ చాలామంది అనుకునే రీతిలో కాదు. చిన్నది కాబట్టి శ్రేష్ఠం అనేది నేను ఒప్పుకోని మాట. తెలిసేదల్లా ఆ ఏడాది.

లెక్క చూడండి. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో వాడుకలో ఉన్న పీపా 225 లీటర్లు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు సరిగ్గా 300. ఒక కుటుంబానికి ఒక ముక్క నేల నుంచి ఏడాదికి నాలుగైదు పీపాలే వస్తే, వడగళ్లు పడినా, కోతకు ముందు వారం ముసురు పట్టినా, ఆ దెబ్బను దాచుకునే చోటు లేదు. పెద్ద సంస్థకు పది ఊళ్ల ద్రాక్ష ఉంటుంది. బాగా పండిన చోటి రసం కలిపి ప్రతి ఏడాదీ దాదాపు ఒకే రుచి తెస్తుంది. అది కూడా నేర్పే, నేను చులకన చేయను. కానీ పదిహేనేళ్ల తర్వాత సీసా తెరిచినప్పుడు ఒక వేసవి ఎండనూ, ఒక కుటుంబం ఆ వేసవిలో తీసుకున్న నిర్ణయాలనూ రుచి చూడాలంటే చిన్న తోట సీసాయే కావాలి.

2003 వేసవిలో యూరప్‌ను వడగాలులు కాల్చేశాయి. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో ఆగస్టులోనే కోతలు మొదలయ్యాయి. ఆ ఏటి వైన్లు చాలావరకు బరువుగా, పులుపు తక్కువగా, ఉడికిన పండు తీరులో ఉంటాయి. దానికి భిన్నంగా 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో మంచు చిగుళ్లను మాడ్చేసింది. ఎందరో చిన్న రైతులకు ఆ ఏడాది పీపాలు నిండలేదు. ఇలాంటి ఏడాది సీసా మీకు దొరికితే, అది గొప్పగా లేకపోయినా తప్పక రుచి చూడండి.

బర్గండీలో తోటలు మరీ చిన్నవి. ఫ్రెంచ్ విప్లవం తర్వాత వచ్చిన వారసత్వ చట్టం ఆస్తిని పిల్లలందరికీ పంచమంది. తరాలు గడిచేసరికి తోటలు వరసలు వరసలుగా చీలిపోయాయి. క్లో ద వూజో అనే ఒక్క ప్రహరీ తోట సుమారు 50 హెక్టార్లు, యజమానులు దాదాపు 80 మంది. ఒకే గోడ లోపల, ఒకే పినో న్వార్ ద్రాక్షతో, ఒకే ఏడాది ఒకరు చేసినది ఇంకొకరు చేసినదానిలా ఉండదు. చేతికి చేతికి ఉన్న తేడా అది.

పాత సీసా కొనేటప్పుడు లేబుల్ మీద తోటలోనే సీసాకెత్తినట్టు రాసి ఉందో లేదో చూడండి. బోర్డోలో ఒకప్పుడు వైన్‌ను పీపాల్లోనే వర్తకులకు అమ్మేవారు, సీసాల్లో నింపే పని వారిదే. పంట మొత్తాన్నీ తోటలోనే సీసాకెత్తే పద్ధతిని అక్కడి షాతో మూతోన్ అనే తోటలో దాని యజమాని బారన్ ఫిలిప్ ద రోత్‌షీల్డ్ 1924 పంటతో మొదలుపెట్టాడు. ఈ రోజు చిన్న తోటలు గర్వంగా రాసుకునే ఆ ఒక్క వాక్యానికి వెనక అంత చరిత్ర ఉంది.

సీసా తెరవకముందే ఏమైనా పోల్చుకోవచ్చా?

కొంత. వెలుగుకు ఎదురుగా పట్టి వైన్ మట్టం చూడండి. పదిహేనేళ్ల సీసాలో మెడ కింది అంచు దగ్గర ఉంటే మంచిదే. భుజం మధ్యకు దిగిందంటే గాలి ఎక్కువగా చొరబడి ఉంటుంది. మూత రేకు కింద జిగటగా కారిన మరక ఉంటే ఎప్పుడో వేడి తగిలిందని అనుమానించాలి. లేబుల్‌కు బూజు పట్టిందని మాత్రం బెంగపడకండి. తేమ ఉన్న నేలమాళిగలో నిద్రపోయిందనడానికి అది మంచి గుర్తే.

ఎలా దాచి ఉండాలి?

12, 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చీకట్లో, కదలిక లేకుండా, బిరడా తడిగా ఉండేలా అడ్డంగా పడుకోబెట్టి. రోజూ వేడెక్కి చల్లారడం కంటే నిలకడగా 15 డిగ్రీలు ఉండటమే నయం.

తెరిచే ముందు ఏం చేయాలి?

ముందు రోజే సీసాను నిటారుగా నిలబెట్టండి. ఇరవయ్యేళ్లు దాటినదైతే రెండు మూడు రోజులు. అడ్డంగా ఉన్నన్నాళ్లూ పక్కన పేరుకున్న మడ్డి అడుగుకు దిగాలి. ప్రయాణం చేసి వచ్చిన సీసాకు కనీసం వారం విశ్రాంతి ఇవ్వండి. మెత్తటి మడ్డి ఒకసారి లేచిందంటే వైన్ మసకబారి, చేదుగా, ఇసుక తగిలినట్టుగా ఉంటుంది. ఇన్నేళ్ల ఓపికను ఒక్క కుదుపుతో పాడుచేసుకున్నట్టవుతుంది.

బిరడా విరిగిపోతే వైన్ పాడైనట్టా?

కాదు. కార్క్ ఓక్ చెట్టు బెరడుతో చేసిన బిరడా అది. పోర్చుగల్‌లో ఒకసారి బెరడు ఒలిచిన చెట్టును మళ్లీ తొమ్మిదేళ్లకు గానీ ఒలవనివ్వరు. అంత శ్రద్ధగా తీసిన కార్క్ అయినా ఇరవయ్యేళ్లు తడిసి ఉంటే పొడిపొడి అవుతుంది. మర తిప్పి లాగే పరికరం మధ్యలోకి దూరి దాన్ని చీల్చేస్తుంది. రెండు పలుచని రేకులున్న పరికరం వాడండి. బిరడాకు, గాజుకు మధ్య ఆ రేకులను అటూ ఇటూ ఊపుతూ దించి, తిప్పుతూ మెల్లగా పైకి తీయాలి. అయినా విరిగితే మిగిలిన ముక్కను లోపలికి నెట్టి, శుభ్రమైన పలుచటి గుడ్డలోంచి వడకట్టండి. రుచికి ఏ లోటూ రాదు.

డికాంటర్‌లో (వైన్ పోసే గాజు కూజాలో) పోయాలా?

ఇక్కడ రెండు వేర్వేరు పనులను జనం కలిపేస్తారు. ఒకటి మడ్డి నుంచి వైన్‌ను తేర్చడం. రెండోది గాలి తగిలించడం. చిన్నవయసు వైన్‌కు రెండోది మేలు చేస్తుంది. పాతదానికి సాధారణంగా మొదటిదే అవసరం.

సీసా మెడ కింద చిన్న దీపమో టార్చీయో పెట్టి, ఒక్క ధారగా, ఆపకుండా వంచండి. మెడలోకి నల్లటి తీగలా మడ్డి రావడం కనబడగానే ఆపేయండి. అడుగున రెండు మూడు గుటకలు మిగిలిపోతాయి, పోనివ్వండి. తేర్చిన వెంటనే గ్లాసుల్లోకి పోయండి. ముప్పయ్యేళ్ల వైన్‌ను గంటల తరబడి కూజాలో ఉంచితే మిగిలిన కాస్త సువాసనా గదిలోకి పోతుంది. పాత పినో న్వార్‌ను నేనైతే కూజాలో అసలు పోయను. సీసాను నెమ్మదిగా వంచి నేరుగా గ్లాసులోకే.

ఏ గ్లాసు, ఎంత చల్లదనం?

తులిప్ పువ్వులా పైకి ముడుచుకున్న గ్లాసు, మూడో వంతు కంటే తక్కువ నింపండి. చల్లదనం 16 నుంచి 18 డిగ్రీలు. ఎండాకాలం గది వేడిలో పోస్తే ఆల్కహాల్ ఘాటే ముక్కుకు తగులుతుంది. 15 డిగ్రీల దగ్గర మొదలుపెడితే మంచిది, గ్లాసులో అదే వేడెక్కుతుంది.

రుచి చూసే క్రమం ఏమిటి?

ముందు కన్ను. గ్లాసును తెల్లకాగితం మీదికి వంచి అంచు చూడండి. కుర్ర వైన్ అంచున ఊదా ఛాయ ఉంటుంది. తర్వాత కెంపు రంగు, ఆపైన గోమేధికం, చివరికి ఇటుక రంగు. అంచున ఇటుక రంగు ఉండి మధ్యలో ఇంకా ఎరుపు నిలిచి ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. మొత్తం గోధుమ రంగుకు తిరిగితే కాలం మించిపోయి ఉండవచ్చు.

తర్వాత ముక్కు. గ్లాసును తిప్పకుండానే ఒకసారి వాసన చూడండి. పాత వైన్‌లో అతి తేలికైన వాసనలు మొదటి నిమిషంలోనే వస్తాయి, తిప్పితే చెదిరిపోతాయి. ఆ తర్వాతే మెల్లగా తిప్పి రెండోసారి. మొదట మూసిన గది వాసన వచ్చినా తొందరపడి పారబోయకండి. పది నిమిషాల్లో అది విడిపోయి కింద ఉన్నది బయటపడటం చాలాసార్లు చూశాను.

ఆఖరున నోరు. చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పండి. పులుపు నాలుక పక్కల నీరూరిస్తుంది. వగరు చిగుళ్లను, బుగ్గల లోపలి పొరను పట్టుకుంటుంది. మన భాషలో వగరు ఆరు రుచుల్లో ఒకటి. నిజానికి అది చాలావరకు స్పర్శ. టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కుని నోటిలోని జారుడును తీసేస్తాయి. బాగా మరిగిన టీ డికాషన్ తాగినప్పుడు కలిగేదీ ఇదే. కాబట్టి వగరు ఎంత అన్నదానికంటే ఎలాంటిది అని చూడండి: ఇసుక కాగితమా, ముతక గుడ్డా, పట్టా? మంచి పాత వైన్‌లో వగరు పట్టుగుడ్డలా ఉంటుంది. మింగాక ముక్కుతో గాలి వదిలి, రుచి ఎంతసేపు నిలుస్తుందో మనసులో లెక్కపెట్టండి. పాత వైన్‌కు నేను పెట్టే అసలు పరీక్ష ఇదే. రంగు పలచనైనా, వాసన సన్నబడినా, రుచి పది పదిహేను సెకన్లు పొడిబారకుండా నిలిస్తే అందులో ప్రాణం ఉంది.

అందరూ తోలు, పుట్టగొడుగులు అంటారు. నాకేమీ తెలియడం లేదు. నాలో లోపమా?

లోపం లేదు. ఆ మాటలు ఒక బృందం ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఏర్పరచుకున్న గుర్తులు. మీ జ్ఞాపకాల్లో లేని వాసన పేరు మీ ముక్కు ఎలా చెబుతుంది? తడిసిన ఎండుటాకులు, పాత పుస్తకం, ఎండిన గులాబీ రేకులు, తాతగారి చెక్కపెట్టె, ఏది తడితే అదే రాసుకోండి. జాబితా పొడవు పెంచడానికి కల్పించకండి. రెండు నిజమైన మాటలు చాలు. నిజానికి వాసనల పేర్లకంటే ముందు మూడు ప్రశ్నలు నాకు ముఖ్యం. పండు ఇంకా ఉందా? పులుపు, వగరు, పండు కలిసి నడుస్తున్నాయా, విడిపోయాయా? పావుగంట తర్వాత గ్లాసులో ఉన్నది పెరిగిందా, తగ్గిందా?

వైన్ పాడైందని ఎలా గుర్తుపట్టాలి?

తడి అట్టముక్క, ముక్కిపోయిన నేలమాళిగ వాసన వస్తూ పండు అణగారిపోతే అది కార్క్ దోషం. కారణం ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థమని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త హాన్స్ టానర్ బృందం 1981లో తేల్చింది. లీటరులో కొన్ని నానోగ్రాములు ఉన్నా ముక్కు పట్టేస్తుంది. నానోగ్రామ్ అంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఇది గాలి తగిలినా పోదు, సమయం గడిచే కొద్దీ ముదురుతుంది. ఇది తోటవారి నిర్లక్ష్యం కాదు కాబట్టి మొహమాటపడకుండా చెప్పండి, ఎవరూ నొచ్చుకోరు.

కోసి వదిలేసిన ఆపిల్ వాసన వస్తే గాలి ఎక్కువ తగిలింది. వెనిగర్, గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన వస్తే ఎసిటిక్ బాక్టీరియా పని. కొద్దిగా ఉంటే పాత వైన్‌లో అది వాసనలను పైకెత్తుతుంది కూడా, మితిమీరితేనే దోషం.

గుర్రపుశాల వాసన గురించి తగాదాలు ఎక్కువ. బ్రెటనోమైసీస్ అనే ఈస్ట్ పాత పీపాల చెక్కలో స్థిరపడి ఈ వాసన తెస్తుంది. పీపాలను మార్చే స్తోమత లేని చిన్న తోటల్లో ఇది మరింత కనబడుతుంది. కొందరు దీన్ని ‘పల్లె స్వభావం’ అని మెచ్చుకుంటారు. నేను మెచ్చను. కాస్త ఉంటే సరే. తోటనూ ఏడాదినీ తుడిచిపెట్టేసి అన్ని సీసాలనూ ఒకేలా చేసే వాసన తోట స్వభావం ఎలా అవుతుంది?

ఒకే తోట, ఒకే ఏడాది. రెండు సీసాలు వేరుగా ఎందుకున్నాయి?

సహజం. ఏ రెండు బిరడాలూ ఒకే రకంగా గాలిని రానివ్వవు. ఐదేళ్లలో ఆ తేడా కనబడదు, ఇరవయ్యేళ్లకు పెద్దదవుతుంది. పీపాలన్నీ ఒక తొట్టిలో కలపకుండా ఒక్కో పీపా నుంచి నేరుగా సీసాకెత్తే తోటల్లో తేడా మొదటి రోజే మొదలవుతుంది. ఒక్క సీసా చూసి తోట మీద తీర్పు చెప్పకండి.

వేర్వేరు ఏళ్లవి వరసగా రుచి చూస్తే ఏది ముందు?

ఒకే తోట నుంచి మూడు, నాలుగు ఏళ్లవి పక్కపక్కన పెట్టుకోగలిగితే అంతకంటే మంచి పాఠం లేదు. తోట అదే, చేతులు అవే. మారింది వాతావరణం, వయసు. కొందరు కుర్రదానితో మొదలుపెట్టి పాతదాని దగ్గర ముగిస్తారు. నేను పాతదే ముందు పోయమంటాను. కుర్ర వైన్ వగరు నోటిని పట్టేశాక పాతదాని సన్నని రుచి అందదు. అన్నీ అయ్యాక మళ్లీ మొదటి గ్లాసు దగ్గరికి వెళ్లి వాసన చూడండి. గంటలో అది ఎటు నడిచిందో తెలుస్తుంది.

తోటవారిని ఏమి అడగాలి?

‘ఇది మంచి ఏడాదేనా?’ అని అడగకండి. ఎవరైనా అవుననే అంటారు. ఆ ఏడాది కోత ఎప్పుడు మొదలుపెట్టారు, వానకు ముందా తర్వాతా? తొడిమలు తీసి పులియబెట్టారా, గుత్తుల్నే వేశారా? కొత్త పీపాలెన్ని? ఈ సీసా అప్పటినుంచీ ఇక్కడే ఉందా, అమ్మాక తిరిగొచ్చిందా? ఇవి అడిగితే సంభాషణ దానంతటదే నడుస్తుంది. అన్నిటికన్నా మంచి ప్రశ్న: ‘ఆ ఏడాది మళ్లీ వస్తే ఏం మార్చుకుంటారు?’ ఒకసారి ఓ పెద్దాయనను ఇదే అడిగాను. చాలాసేపు గ్లాసులోకి చూసి, ‘నాలుగు రోజులు ఆగి కోసేవాణ్ణి’ అన్నాడు. ఆ మాట విన్నాక, అంతవరకు నాకు అంతుబట్టని ఆ వైన్‌లోని పచ్చి వగరు ఎక్కడిదో తెలిసింది.

ఉమ్మేస్తే అగౌరవమా?

కాదు. వైన్ చేసేవారే రోజూ ఉమ్ముతారు. ఒక్కోటి 30 మిల్లీలీటర్ల చొప్పున పది రకాలు మింగితే 300 మిల్లీలీటర్లు. 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్‌లో అది సుమారు 31 గ్రాముల ఆల్కహాల్. నాలుగో గ్లాసు తర్వాత నాలుక మొద్దుబారుతుంది, పదో గ్లాసుకు మీరు రాసుకున్నది మీకే అర్థం కాదు. ఆరోగ్యం సంగతి కూడా దాచకూడదు. ఆల్కహాల్ విషయంలో సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. గర్భిణులు, మందులు వాడేవారు, బండి నడపాల్సినవారు వాసన చూసి ఆగిపోవచ్చు. పాత వైన్‌లో సగం పైగా ముక్కుకే అందుతుంది.

నచ్చకపోతే ఏమనాలి?

నిజమే, మర్యాదగా. ‘నాకు వగరు ఇంకా గట్టిగా తోస్తోంది’ అనడం తీర్పు కాదు, మీకు కలిగింది చెప్పడం. పొగడ్తలు విని విసిగిన రైతుకు అలాంటి మాటే పనికొస్తుంది.

సగం మిగిలితే?

బిరడా బిగించి, నిటారుగా ఫ్రిజ్‌లో పెట్టండి. కుర్ర వైన్ రెండు మూడు రోజులు నిలుస్తుంది. ఇరవయ్యేళ్లదానికి మర్నాటి సాయంత్రమే ఎక్కువ. అయినా ఒక చిన్న గ్లాసు మిగిల్చి మర్నాడు రుచి చూడండి. తెరిచినప్పటికంటే బాగుందంటే ఆ తోట మిగతా సీసాలను ఇంకొన్నేళ్లు కదపనక్కర్లేదు.